మడ్‌గార్డు మీద దేవుళ్ళు

హొసకోటె పక్కన ఒక ఊళ్ళో ట్రాక్టరు మడ్‌గార్డంటే మామూలు చోటు కాదు, సింహాసనం. డ్రైవరు పక్కన, పెద్ద చక్రం మీదుండే ఆ రేకు మీద ఊరిపెద్దలు కూర్చుంటారు, చుట్టాలు కూర్చుంటారు. "రాన్నా, ఇట్లా కూర్చో" అని పిలవకపోతే డ్రైవరుకు మర్యాద తెలియదని నెలరోజులు చెప్పుకుంటారు. ఇరవై ఏళ్ళుగా మునినారాయణప్ప ట్రాక్టరు తోలుతున్న ఆవులప్ప కూడా అందరినీ అట్లాగే పిలిచేవాడు.

ఆ మర్యాదే చౌడమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. బీన్సు కోతకు వచ్చే చౌడమ్మకు మోకాళ్ళ నొప్పులని జాలిపడి, ఒకరోజు ఆమెను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకున్నాడు ఆవులప్ప. కాలవ దగ్గర గుంతలో బండి ఎగిరింది. ఆమె జారి చక్రం ముందు పడింది. అతను బ్రేకు తొక్కేసరికి చక్రానికీ ఆమె తలకూ మధ్య జానెడు చోటు మిగిలింది. భుజం ఎముక విరిగింది గానీ మనిషి దక్కింది. ఆవులప్పకు మాత్రం వారం రోజులు అన్నం సయించలేదు.

ఇక మీదట ఎవరినీ ఎక్కించుకోనని తెగేసి చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "నీ ట్రాక్టరు గాడి ఏమన్నా విమానమా అప్పా?" అని నవ్వి ఎక్కేవాళ్ళు. రేకుకు గ్రీజు పూశాడు. గోనెపట్టా పరుచుకుని మరీ ఎక్కారు. ఆ తెలివి చదువులో చూపించి ఉంటే ఊరంతా కలెక్టర్లే అయ్యుండేది!

ఒక ఆదివారం పనిమీద కె.ఆర్.పురం వెళ్ళాడు. ఒకప్పుడు దారినపోయే ప్రతివాడూ తడిపే గోడ ఒకటి అక్కడ కడిగిన ముత్యంలా ఉంది. కారణం, గోడ పొడుగునా అతికించిన దేవుళ్ళ టైల్సు. ఆవులప్ప రోడ్డు మీదే పకపకా నవ్వాడు. వెంటనే రెండు టైల్సు కొని, కుడి రేకుకు వెంకటేశ్వరస్వామిని, ఎడమ రేకుకు ఆంజనేయుణ్ణి మెకానిక్కు చేత బోల్టులతో బిగింపజేశాడు.

సోమవారం ఎక్కబోయినవాళ్ళు స్వామిని చూసి, చెప్పులు విడిచి, కళ్ళకద్దుకుని, నడిచిపోయారు. చౌడమ్మ కట్టు లేని చేత్తో రెండు బంతిపూలు పెట్టింది.

మునినారాయణప్పకు మాత్రం కోపం నషాళానికి అంటింది. "నా ట్రాక్టర్లో నాకే చోటు లేదేమిరా? తీసెయ్. లేదంటే తాళం ఇచ్చేసి ఇంటికి పో."

యాభై నాలుగేళ్ళ వయసులో ఈ పని పోతే ఇంకో స్టీరింగు ఎవరిస్తారు? అయినా ఆవులప్ప పానా తీసి యజమాని చేతికిచ్చాడు.

"నువ్వే తియ్యన్నా. స్వామిని ఊడబీకేదానికి నాకు చేతులు రావు."

మునినారాయణప్ప పానా పట్టుకుని స్వామి వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. బోల్టు మీద చెయ్యి వెయ్యడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

"అన్నా, ఆ పొద్దు చౌడమ్మ లేచి కూర్చునేదాకా నా పానం నాలో లేదు" అన్నాడు ఆవులప్ప. "రేపు నువ్వు పడితే శాంతమ్మొదినకు నేనేం చెప్పేది?"

భార్య పేరు వినగానే మునినారాయణప్ప పానా తిరిగిచ్చేశాడు. మర్నాటి నుంచి ట్రాక్టరు వెనకే మోపెడ్ మీద, హారన్ కొట్టుకుంటూ రావడం మొదలుపెట్టాడు.

మూడు నెలల తర్వాత ఒకరోజు దుక్కి కుదుపులకు కుడివైపు టైలు పగిలి రాలిపోయింది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే మునినారాయణప్ప వియ్యంకుడు తోట చూడడానికి కోలారు నుంచి వచ్చాడు. ఖాళీ రేకు కనిపించగానే పంచె ఎగ్గట్టి హుందాగా ఎక్కి కూర్చున్నాడు. ఆవులప్ప తాళం తిప్పబోయి ఆగాడు. యజమాని వియ్యంకుణ్ణి దిగమనడం ఎట్లా?

అంతలో వెనక నుంచి మునినారాయణప్ప కేక వినిపించింది. "దిగు బావా, దిగు!"

"ఏం బావా? ఆ పక్కంటే దేవుడుండాడు. ఈ పక్క లేడు కదా?"

"లేడు కాబట్టే దిగమంటా ఉండా! పడితే పట్టుకునేదెవరు?"

బావ గొణుక్కుంటూ దిగి మోపెడ్ వెనక ఎక్కాడు. కొత్త టైలు కోసం ఆవులప్ప మళ్ళీ కె.ఆర్.పురం వెళ్ళలేదు.