‘అంట’ ఎక్కడ పోయింది?

మా మేడమ్ చనిపోయిన సంగతి తాడేపల్లిగూడెం నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. “మేడమ్ పోయారంట” అంది. నేను ఏడవలేదు. “ఎవరన్నారు?” అని అడిగాను. నన్ను రాతిగుండె అనుకోకండి. సైకియాట్రీ వార్డులో డాక్టరు పని నేర్చుకుంటున్న నాకు ఆవిడ నేర్పిన మొదటి ప్రశ్న అదే.

సాయంత్రానికి నిజమని తేలింది. మేడమ్ చెల్లెలుగారే చెప్పారు. వెన్నులో నొప్పిగా, ఆయాసంగా ఉందని మేడమ్ తనే ఒక ఆసుపత్రికి వెళ్ళారట. అక్కడి కుర్ర డాక్టరు పూర్తిగా వినకుండానే, “టెన్షన్ మేడమ్. రోజంతా ఆ పేషెంట్లతో ఉంటారు కదా, మీక్కూడా అంటుకుంది” అని నవ్వి, గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేశాడట. తెల్లారేసరికి గుండె ఆగిపోయింది. ఎదుటివాళ్ళ మాటను చివరి అక్షరం దాకా వినడమే పనిగా బతికిన మనిషి. ఆ మనిషి మాటను ఒకడు సగంలో తుంచేశాడు. నాకింకా దుఃఖం రాలేదు. కోపమే ఉంది. ఇది ఆ కోపంతోనే రాస్తున్నాను.

సంతాప సభలో ఆ కోపం రెట్టింపైంది. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని “సహనమూర్తి” అన్నారు. “చెరగని చిరునవ్వు” అన్నారు. ఎవరి గురించి చెబుతున్నారో నాకు అర్థం కాలేదు. మా మేడమ్‌కి పేషెంట్ల దగ్గర తప్ప ఎక్కడా సహనం లేదు. బద్ధకపు మాట వింటే ఆవిడ ముక్కు ఎర్రబడేది. కేస్ షీటులో ఎవరైనా ‘సహకరించడం లేదు’ అని రాస్తే, “సహకరించడానికి నీతో కలిసి ఊడ్పుల్లోకి దిగాడా? తల తిప్పుకున్నాడా, లేచి వెళ్ళిపోయాడా, తిట్టాడా? ఏం చేశాడో అది రాయి” అని అరిచేవారు. సభ అయ్యాక సమోసాలు తింటూ ఒక హౌస్ సర్జన్, “ఇక ఓపీ పన్నెండింటికల్లా అయిపోద్దిలే” అన్నాడు. ఇద్దరు నవ్వారు కూడా.

గుండె చప్పుడు వినడానికి స్టెతస్కోపు ఉంది. మనసును చూడటానికి అలాంటిదేమీ లేదు. మనిషి ఎలా నడిచి వచ్చాడు, ఏం కట్టుకున్నాడు, ఎలా మాట్లాడుతున్నాడు, దిగులుగా ఉన్నాడా, ఇంకెవరికీ వినబడని గొంతులు వినబడుతున్నాయా, జ్ఞాపకం ఎలా ఉంది, తనకు జబ్బుందని తనకు తెలుసా? కళ్ళతో, చెవులతో, ఇలాంటి ప్రశ్నలతో చేసేదే మానసిక స్థితి పరీక్ష. మా ఉంగుటూరు బస్సులో కూర్చుని నేను ఆ వరసంతా బట్టీ పట్టాను. వార్డులో మేడమ్‌ని చూశాక గాని అది బట్టీ పట్టేది కాదని తెలియలేదు.

పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి, తను పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునేవారు. “పైనుంచి అడిగితే పోలీసులడిగినట్టుంటుంది” అనేవారు. ‘ఇవాళ తారీఖు ఎంత’ అని మొదలుపెట్టడం ఆవిడకు నచ్చదు. “ఏ బస్సెక్కి వచ్చారండీ? గుండుగొలను దాటాక ఎక్కడన్నా ఆగిందా?” అని కబుర్లలోకి దింపేవారు. ఆ కబుర్లలోనే ఆ మనిషి జ్ఞాపకం, ధ్యాస, భయం అన్నీ బయటికొచ్చేవి. ఒకసారి ఆ హౌస్ సర్జనే, “అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోద్ది కదా మేడమ్, ఇంతసేపు ఎందుకు?” అన్నాడు. “మెతుకులన్నీ ఒక కుండలో ఉడికినయ్యి బాబూ. మనుషులు కాదు” అన్నారు.

ఒక ఉదయం కొల్లేరు లంక గ్రామం నుంచి ఒకావిడను తీసుకొచ్చారు. వెంట అత్తగారు, భర్త అన్నగారు. తల్లి చనిపోయిన దగ్గర్నుంచి ఆవిడకు నిద్ర లేదు, ఎవరితోనూ మాట లేదు. వారంగా ఇంట్లో అన్నమూ ముట్టడం లేదు. అడిగితే ఒక్కటే చెబుతోంది. అది విని హౌస్ సర్జన్ కేస్ షీటులో రాసేశాడు: ‘అత్తింటివారు అన్నంలో విషం పెడుతున్నారని భ్రమ.’

బావగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “పిచ్చి అని మా పెద్దమనుషులకి మీరొక్క మాట చెప్పండి మేడమ్ గారూ. పిల్లని మేం పెంచుకుంటాం. ఈవిణ్ణి పుట్టింటికి పంపేత్తాం.”

“ఒక్క మాట చాలా అండీ? అయితే మీ గురించి కూడా ఒక మాట అనేసి పంపనా?” అన్నారు మేడమ్. ఆయన వెనక్కి జరిగాడు.

నాలుగేళ్ళ కూతురు ఆవిడ కొంగు పట్టుకుని ఉంది. ఆ కొంగు ఆ చేతిలో ఉండటమో, ఊడిపోవడమో ఇక మేడమ్ చెప్పే మాట మీదే ఆధారపడి ఉంది. మేడమ్ స్టూలు మీద కూర్చున్నారు.

“ఏం తల్లీ, అన్నం ఎందుకు తినట్లేదు?”

ఆవిడ నోరు విప్పింది. “కూరలో ఏదో కలుపుతున్నారంట అండీ.”

మేడమ్ కేస్ షీటు అందుకుని చదివారు. ముక్కు ఎర్రబడింది. “విషం అని ఈవిడ అందా? నువ్వన్నావా? సరే, ‘అంట’ ఎక్కడ పోయింది? మింగేశావా?” అని హౌస్ సర్జన్‌ని అడిగారు.

పుస్తకాల్లో అది ‘అట’, మా నోళ్ళలో ‘అంట’. రెండు అక్షరాలు. ఈ మాట నాది కాదు, ఇంకొకరు చెప్పగా విన్నాను అని మనం తెలియకుండానే దాంతో చెప్పేస్తాం. చెప్పిందెవరో అడిగితే గాని అది జబ్బో నిజమో తేలదు. ఇంకెవరికీ వినబడని గొంతు చెప్పి ఉంటే దారి వేరు. మనిషి చెప్పి ఉంటే వేరు.

“ఎవరన్నారమ్మా?”

“మా ఆడపడుచండీ. ‘వదినా, నీ గిన్నెలో అమ్మ ఏదో నూరి కలుపుతుంది, నేను చూశాను’ అని చెప్పిందండీ.”

మేడమ్ అత్తగారి వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. “ఏం కలిపారమ్మా?”

“మాత్రేనండీ!” అందావిడ బెదిరిపోయి. “మా పెద్దోడు మందుల షాపులో అడిగి తెచ్చాడండీ. మింగవే అంటే మింగదు కదండీ. అందుకని చేపల పులుసులో కలిపాను. బాగవ్వాలనే కదండీ, నేనేమన్నా శత్రువునా?”

కుర్చీలో ఉన్నావిడ అప్పుడు ఏడ్చింది. వచ్చాక అదే మొదటిసారి. “నే చెప్పాను కదండీ, నే చెప్పాను కదండీ” అనుకుంటూ ఏడ్చింది.

మేడమ్ ఆ ఇద్దరితో చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతోంది. “ఈవిడకి జబ్బుంది. దిగులు జబ్బు. మందిస్తాను, తగ్గుతుంది. కాని ఈవిడ చెప్పింది అబద్ధం కాదు, భ్రమా కాదు. జబ్బున్న మనిషి చెప్పేదల్లా జబ్బు కాదండీ. మీ పెద్దమనుషులకి నేను చెప్పే మాట ఇదే. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది.” తను రాసిన మాత్ర పేరు, అదెందుకో ఆవిడకే వివరంగా చెప్పి, ఆవిడ చేతిలోనే పెట్టారు. ఆవిడ అక్కడే, అందరూ చూస్తుండగా వేసుకుంది.

ఇదీ మా మేడమ్. సహనమూర్తి అట! ఈ ‘అట’ కూడా ఆవిడ నేర్పిందే. నేను ఒప్పుకోనని చెప్పడానికి వాడుతున్నాను.

పోయిన వారం ఓపీలో ఉన్నాను. ఆ కొల్లేరావిడ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇంకో చేతిలో స్టీలు క్యారేజీ. కాస్త ఒళ్ళు చేసింది. జడలో కనకాంబరాలు.

“మేడమ్ గారు లేరంట కదండీ? బస్సులో ఎవరో అనుకుంటన్నారు” అంది. అని, నా నోటివైపే చూస్తూ నిలబడింది. ఆ అనుకున్నవాళ్ళ మాట అబద్ధమని నేనంటానేమోనని.

“అంట కాదండీ” అన్నాను. “లేరు.”

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఆ స్టూలు ఖాళీగా ఉంది. క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని మూత తీసింది. చేపల పులుసు. “మేడమ్ గారికని తెచ్చానండీ. నేనే వండాను.” చిన్న ముక్క తుంచి ముందు తన నోట్లో పెట్టుకుంది. నేను చూస్తుండగా నమిలి, మింగింది.

తర్వాత గిన్నెను ఆ స్టూలు మీద పెట్టి, మెల్లగా నా వైపు జరిపింది.