మంట మాంత్రికుడు ఓడిన శుక్రవారం

ఆ రోజు క్యాసెట్‌ను రెండో వైపు తిప్పి ఉంటే నేను ఆ నింద మోయాల్సి వచ్చేది కాదు. గదిలో పదకొండు మందిమి ఉన్నాం. టేపు రికార్డర్ పక్కన కూర్చున్నది నేను కాదు. ఎవరు కూర్చున్నారో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. అయినా తప్పు నా మీదికే వచ్చింది.

అప్పట్లో ఖతార్‌లో ఎటు చూసినా కట్టడాలే. చమురు డబ్బుతో రోడ్లు, ఆఫీసులు, బంగళాలు లేస్తుండేవి. మా క్యాంపు నగరం చివర మెసైమీర్ దాటాక ఇసుకలో వరసగా వేసిన రేకుల గదులు. నాది సెంట్రింగ్ పని. మా ఊరివాడే, వరసకు బావ అయ్యేవాడు, పరంజా కట్టే పనిలో ఉండేవాడు. బొంబాయిలో విమానం కోసం ఎదురుచూసిన ఇరవై రోజులూ అతను నా చాప మీద పడుకున్నాడు. ఇక్కడికి రాగానే కింది మంచం తాను తీసుకుని నన్ను పై మంచానికి ఎక్కించాడు. అడిగితే నవ్వాడు.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ ఎండలో బయట అడుగు పెట్టలేం. పొద్దుపోవడానికి మేమిద్దరం ఒక ఆట మొదలుపెట్టాం. ఇద్దరు మాంత్రికులు కొట్లాడుకుంటారు. బావ మాంత్రికుడు సముద్రం అడుగున ఉంటాడు. నా వాడు దక్షిణాన ఆకాశం అంచున చమురు బావుల మీద ఎప్పుడూ మండే గ్యాస్ మంటలో ఉంటాడు. ఒకడు దెబ్బ వేస్తే, వినేవాళ్ళలో ఒకరి చేతిలో సిగరెట్ అయిపోయేలోగా రెండోవాడు దానికి విరుగుడు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ వారానికి ఓడినట్టు. మిగతా తొమ్మిది మంది రెండు జట్లయ్యారు. నా జట్టులో నలుగురే.

మాలో ఉత్తరం రాయగలిగినవాళ్ళు తక్కువ. అందుకని ముషైరిబ్ బజారులో ఖాళీ క్యాసెట్లు కొని, వాటి నిండా మాట్లాడి, సెలవు మీద ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళం. ఊళ్ళో టేపు రికార్డర్ ఉన్న ఇంట్లో వాడకట్టంతా చేరి వినేది. ఒక శుక్రవారం బావ, మన కొట్లాటను కూడా నింపి పంపుదాం, ఊరివాళ్ళు నవ్వుకుంటారన్నాడు. ఆలోచన అతనిది. ఈ సంగతి తరువాత ఎవరూ గుర్తు చేసుకోలేదు.

ఆ రోజు ఆట బాగా సాగింది. బావ మాంత్రికుడు సముద్రాన్ని చాపలా చుట్టి భుజాన వేసుకొచ్చి మంట మీద పరిచాడు. నా వాడు మంటను ఒక్క గుక్కలో మింగి, నీళ్ళు ఇంకేదాకా పెదవులు బిగించి కూర్చున్నాడు. తరువాత ఊదాడు. తడి ఇసుకంతా గాజైపోయింది. దాని మీద బావ మాంత్రికుడు కాలు పెట్టగానే, గాజు కింద తలకిందులుగా నిలబడ్డ వాడి నీడ పైకి చేతులు చాచి వాడి అరికాళ్ళు పట్టుకుంది. నేను గెలిచాననే అనుకున్నాను.

సిగరెట్ చివరికొస్తుండగా బావ అందుకున్నాడు. "అరికాళ్ళు పట్టుకుంటే పట్టుకోనీ బావా, నొప్పులున్నయ్, పిసుకమను. నీ మంట బీడి ముట్టిచ్చుకునేతందుకు గూడ సరిపోదు."

నా జట్టువాళ్ళు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. గొంతు మార్చి, మెల్లగా అన్నాను. "నీ ఎడమ చెయ్యి ఎండిపోతది. నువ్వెక్కిన మెట్టు నిన్ను దిగనియ్యది. మంటల ఉన్నోడు చెప్తున్నడు, విను."

అక్కడ టక్కుమని టేపు ఆగింది. ఒక వైపు అయిపోయింది, ఎవరూ తిప్పలేదు.

దానికి బావ విరుగుడు చెప్పాడు. అతని మాంత్రికుడు సముద్రపు నురగతో కొత్త చెయ్యి చేసుకుని నా వాడి ముక్కు పిండాడు. అందరూ పడిపడి నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులు టేపులో లేవు. మర్నాడే ఆ క్యాసెట్ సెలవు మీద వెళ్ళేవాడి సంచిలో ఊరికి పోయింది.

పదో రోజున బావ పరంజా మీద నుంచి పడ్డాడు. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అంటే జవాబు చెప్పేవాణ్ణి. వంట వంతు నాది వచ్చిన రోజున లేచేసరికి ఇంకొకరు బియ్యం కడుగుతున్నారు. నేను తాగిన గ్లాసు ఎవరూ ముట్టలేదు. నా కింద పడుకునే బావ ఆసుపత్రి నుంచి వచ్చి తన పక్కను అవతలి గోడకు మార్చుకున్నాడు. కింది మంచం ఖాళీ అయింది. నేను దిగి పడుకోవచ్చు. దిగలేదు.

తరువాత ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. నా భార్య చెప్తుంటే బడిపంతులు రాసింది. నా మాట దగ్గర ఆగిన క్యాసెట్‌ను వాడకట్టంతా విన్నదట, బావ పడ్డ కబురు కూడా అప్పటికి ఊరు చేరింది. బీడీల కార్ఖానాలో ఆమె చాట పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఆమె చెయ్యి తగిలిన తంబాకును పక్కకు పారేస్తున్నారు. వాడకట్టులో ఒక పిల్లకు జ్వరం తగ్గడం లేదు. నీ మొగుడు దుబాయ్‌లో మంత్రాలు నేర్చి నీకూ చెప్పి పంపుతున్నాడట కదా అని అడుగుతున్నారు. మేము ఖతార్‌లో ఉన్నా ఊరికి అదంతా దుబాయే.

బాణామతి చేసిందనుకున్న మనిషిని మా వైపు ఏం చేస్తారో నాకు తెలుసు. మంత్రం పలకకుండా పళ్ళు రాలగొడతారు. చిన్నప్పుడు ఒకామెను చూశాను. ఆ తరువాత ఆమె ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడేది.

బావ దగ్గరికి వెళ్ళి, అదంతా ఆటేనని ఒక క్యాసెట్‌లో నువ్వే చెప్పు అని అడిగాను. నీ చెల్లెలి లాంటిది కదా అన్నాను. అతను కట్టు వేసిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"చెప్త బావా. గని ముందుగాల నువ్వు, చేసింది తీసేసిన అను."

"చెయ్యంది ఏం తీసెయ్యాలె?"

"చెయ్యకపోతే అనేతందుకు ఏం పోతది?"

పోయేదేమిటో అతనికి తెలియక కాదు. తీసేశానంటే, చేశానని ఒప్పుకున్నట్టే. నా గొంతుతోనే ఊరంతా వింటుంది. వారం రోజులు నేను అతనితో మాట్లాడలేదు. డ్యూటీ బస్సులో అతని బంధువొకడు నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాడు.

రెండో ఉత్తరం పొట్టిది. అమావాస్య తెల్లారి కులపెద్దలు ఆమెను పిలిపిస్తారట. పిల్లలను వాళ్ళ అమ్మమ్మ ఇంటికి పంపమని ఎవరో చెప్పారట. పిల్లలను ఎందుకు పంపమన్నారో నాకు అర్థమైంది.

ఆ గురువారమే క్యాంపులో ఒకడికి సెలవు మంజూరైంది. అతను శనివారం బయలుదేరతాడు. అమావాస్యకు ఇంకా ఆరు రోజులున్నాయి. నేను బావతో, తీసేశానని అనను, ఆటను ముగిద్దాం, నువ్వే గెలువు అన్నాను. ఒప్పుకున్నాడు. శుక్రవారం మళ్ళీ అందరూ చేరారు. ఈసారి నా జట్టులో ఎవరూ లేరు. టేపు రికార్డర్‌ను నా పక్కనే పెట్టుకున్నాను.

బావ మాంత్రికుడు విరిగిన చేతితోనే వచ్చాడు. నా వాడి మంటను చుట్టూ ఉన్న ఇసుకతో కప్పాడు. నేను విరుగుడు చెప్పలేదు. ఆట లెక్కన అక్కడికే ఓడాను, బావ ఆపలేదు. వాడి గొంతు పట్టుకుని నీళ్ళలో ముంచాడు. చెప్పలేదు. నా దగ్గర మూడు ఎత్తులున్నాయి, మూడూ మంచివి. ఒక్కొక్క సిగరెట్టూ అయిపోతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. చివరికి బావ నా వాణ్ణి తన కాళ్ళ మీద పడేసుకుని, అనుకోని మాట అన్నాడు. "ఇగ నీ నోటితోటే అను. ఇచ్చిన శాపం వాపస్ తీసుకున్న అను."

ఆ మాట మేము అనుకున్న దాంట్లో లేదు. టేపు తిరుగుతోంది. ఆపి మళ్ళీ మొదలుపెడదామంటే బావ కూర్చోడు, రేపు బయలుదేరేవాడు తప్పితే ఊరికి పోయేవాడు నెల దాకా లేడు. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. ఇచ్చిన శాపం వాపస్ తీసుకున్నానని అన్నాను. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. బావ అప్పుడు టేపు దగ్గరికి వంగి, నా చెయ్యి నయమవుతోంది, మా చెల్లెను ఎవరూ ఏమనొద్దని చెప్పాడు. ఆ సాయంత్రం నా చేతి వంట తిన్నారు, బావ మొదటి ముద్ద తిన్నాకే.

నెలన్నరకు నా భార్య క్యాసెట్ వచ్చింది. పెద్దలు టేపు విని ఆమెను ఇంటికి పంపేశారట. చాట పక్కన మళ్ళీ కూర్చుంటున్నారు. జ్వరం వచ్చిన పిల్ల లేచి తిరుగుతోంది. మా పిల్లలు ఇంటికొచ్చారు. ఇదంతా ఆమె గట్టిగానే చెప్పింది, వెనక పక్కింటివాళ్ళ మాటలు కూడా వినిపించాయి. తరువాత తలుపు వేసిన చప్పుడు. ఆమె గొంతు టేపుకు బాగా దగ్గరైంది.

"అందరు పోయిన్రు. నాకొక్కదానికే చెప్పు. మొత్తం తీసినవా? పిల్లల మీద ఏం మిగలలేదు కదా?"

జవాబు నింపడానికి క్యాసెట్ కొన్నాను. నేను ఏమీ చేయలేదంటే, తీయలేదని అనుకుంటుంది. మొత్తం తీసేశానంటే, ఇక జన్మంతా ఆమెకు నేను మంత్రగాణ్ణే. ఎండల గురించి, పిల్లల బడి గురించి, ఇంటి కప్పు గురించి మాట్లాడి పంపాను. ఆమె మళ్ళీ అడగలేదు.

మరుసటి ఏడు సెలవు మీద ఇంటికి వెళ్ళాను. అన్నం వడ్డించింది. పిల్లలిద్దరూ నా దగ్గరికి రాబోతే, వాళ్ళ రెక్కలు పట్టుకుని తన వెనక కూర్చోబెట్టుకుంది.