నీలం గళ్ళ దుప్పటి

బొబ్బిలి నుంచి విజయనగరం వెళ్ళే పాసింజర్లో, కొత్తగా కొన్న ఫోన్లో ఒక డిటెక్టివ్ సినిమా చూస్తున్నాను. అందులో అందరూ ఇంటర్ వయసు పిల్లలే. చనిపోయిన అమ్మాయి గురించి ఆమె క్లాసు కుర్రాడు ఆరా తీస్తుంటాడు. ఇంజనీరింగ్ చదువు అంటించిన అలవాటు కొద్దీ, నేను అనుమానితుల పేర్లు నోట్‌బుక్‌లో వరుసగా రాసుకుంటున్నాను. ఐదుగురు తేలారు.

పక్కన ఎండుచేపల బుట్టతో కూర్చున్న ఆవిడ చాలాసేపటి నుంచి నా ఫోన్లోకే చూస్తోంది.

"ఆ పిల్ల తల్లినెవులూ అడగరేటి బాబూ?" అంది.

"ఇందులో అమ్మానాన్నలు కనిపించరండీ."

"మా పిల్లా ఇంటరే సదివీది. కనపడకుండా పోనాది. అప్పుడు పోలీసోలు దాని నేస్తాలందర్నీ అడిగినారు. కళింగపట్నం సముద్రంలో పడిపోనాదని రాసేసినారు. నన్నడిగితే సెప్పుదును. నీలం గళ్ళ దుప్పటి అట్టుకెల్లిపోనాది. సచ్చిపోడానికెల్లే పిల్లకి దుప్పటెందుకు?"

సినిమా ఆపేశాను. "మరి ఎక్కడ వెతుకుతున్నారు?" అని అడిగాను.

"సేపలమ్మడానికెల్లిన ఊరల్లా దండేలు సూత్తన్నాను. దుప్పటన్నాక ఎప్పుడో ఉతికి ఆరేత్తాది కదా."

తర్వాతి స్టేషన్ రాగానే బుట్ట నెత్తికెత్తుకుని దిగిపోయింది.

ఆ సినిమాలో హంతకుడెవరో నేను తెలుసుకోలేదు. ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా పట్టాల పక్క ఇళ్ళ దండేలు చూస్తూ కూర్చుంటాను. నీలం గళ్ళ దుప్పటి ఇప్పటికి రెండుసార్లు కనిపించింది. రెండుసార్లూ రైలు అక్కడ ఆగలేదు.