బతికున్న మనిషికి రెండు దండాలు

బూట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర సాయంత్రం వరసలో నిలబడ్డప్పుడు ప్యో మాన్‌సిక్ తన చెప్పులు విప్పి, రెండు చేతుల్తో గుండెకు ఆనించి పట్టుకునేవాడు. అది ఆ గేటు ఆచారం. ఖాళీ చేతులు ఊరుకోవని అక్కడి కాపలాదారు సిద్ధాంతం. మసాన్ రేవు మీంచి చలిగాలి ఎముకలు కొరుకుతున్నా, వాన పడుతున్నా, అందరూ వట్టి కాళ్ళతో నిలబడాల్సిందే. ముందు ఆడపిల్లల రవికెలు, నడుములు తడిమేవాళ్ళు. తరవాత మగపిల్లల జేబులు. పదిహేడేళ్ళ మాన్‌సిక్‌కి అది అన్యాయమని తోచనే లేదు. రోజూ పొద్దు గుంకుతుంది, రోజూ జేబులు తడుముతారు. అంతే.

ఒక సాయంత్రం కాపలాదారు అతని సంచిలోంచి ఇటుకంత పుస్తకం బయటికి లాగాడు.

"ఏందిరా ఇది? తల కింద పెట్టుకునే దిండా?"

"చట్టాల పుస్తకమండీ."

"ఓహో! దొరికితే ఎన్నేళ్ళ శిక్ష పడుతుందో ముందే చూసుకుంటున్నావన్నమాట. తెలివైన దొంగవేరా నువ్వు!"

వరసంతా నవ్వింది. మాన్‌సిక్ కూడా నవ్వాడు. మన మీద విసిరిన రాయి గురి తప్పి కింద పడితే, మనమే ఏరి మళ్ళీ విసిరినవాడి చేతికి అందించినట్టుండే నవ్వు. ఆ తరవాత చెప్పులు తొడుక్కుని, కుక్కిన పేనులా ఇంటికి పోయాడు.

చేపలవాడలో మంగలి దుకాణం పైన వంగి నడవాల్సిన గది ఒకటుండేది. దుకాణం ఊడ్చే షరతు మీద అది దొరికింది. అందులో కూర్చుని ఆ పుస్తకాన్నే అరగదీశాడు. "కాలేజీ గడప తొక్కనివాడు కోర్టు మెట్లెక్కుతాడట!" అని మేనత్త ఊరంతా చాటింది. పరీక్ష తప్పినప్పుడల్లా ఆమె మాటకు విలువ పెరిగేది. చివరికి తల ముందువైపు పలచబడే వయసులో గట్టెక్కాడు. ఆ రోజు మంగలి ఉచితంగా గడ్డం గీసి, "జుట్టు ఉన్నప్పుడే పాసై ఉంటే క్రాఫు కూడా చేసేవాణ్ణి కదయ్యా" అన్నాడు.

ఇంత కష్టపడి వకీలైనవాడు వెంటనే పేదల పక్షాన నిలబడ్డాడని రాస్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు. భూముల రిజిస్ట్రేషన్లు, అన్నదమ్ముల పంపకాలు చూసుకుంటూ హాయిగా బతికాడు. పాత ఫ్యాక్టరీ దారి ఎప్పుడైనా తగిలితే కారు వేరే వీధిలోకి తిప్పేవాడు.

యొమ్ మల్‌సున్ అతని ఆఫీసుకు వచ్చింది ఆ రోజుల్లోనే. ఎగుమతి ఫ్యాక్టరీల వాడలో రేడియో భాగాలు అతికించే మనిషి. గేటు దగ్గర రవిక గుండీలు విప్పమంటే విప్పననందుకు ఉద్యోగం పీకేశారు. అప్పటికే ఇద్దరు వకీళ్ళు ఆమెను గుమ్మంలోంచే పంపేశారు. మాన్‌సిక్ కూడా అదే పని చేయబోయాడు.

"పరువు నష్టమా అమ్మా? కోర్టులో వాళ్ళు చాలా మాటలంటారు. మీకే సిగ్గు."

మల్‌సున్ కుర్చీలోంచి లేవలేదు. "విప్పమన్నందుకు నాకు సిగ్గు లేదండీ. సిగ్గుపడాల్సింది వాళ్ళు. ఇన్నేళ్ళూ నేనే విప్పుతూ వచ్చానే, నవ్వుతూ విప్పానే, అది తల్చుకుంటే సిగ్గు."

మాన్‌సిక్ చేతిలో కలం ఆగిపోయింది. ఆమె మాట్లాడుతున్నది తన గురించేనేమో అన్నట్టు చూశాడు. ఆ కేసు తీసుకున్నాడు.

గెలిచాడు కూడా. వాడలోని గేట్ల దగ్గర తడమడం ఆగింది. ఆ తరవాత అతని గుమ్మం ముందు చెప్పులు ఎప్పుడూ గుట్టగానే ఉండేవి. సంఘం పెట్టుకున్నవాళ్ళు, పోలీసులు ఎత్తుకుపోయిన విద్యార్థుల తల్లులు, మిషను వేళ్ళు తినేస్తే పైసా రాలనివాళ్ళు వచ్చేవాళ్ళు. నియంతృత్వం మీద జనం వీధుల్లోకి వచ్చిన వేసవిలో ముందు వరసలో నడిచి, బాష్పవాయువు తిని, కొన్నాళ్ళు జైలన్నం కూడా తిన్నాడు. మల్‌సున్‌ని మాత్రం ఏ ఫ్యాక్టరీ మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఆమె చేపల బజారులో చేపలు ఎండబెట్టి అమ్ముకునే దుకాణం పెట్టుకుంది.

ప్రతిపక్షం అతనికి పార్లమెంటు సీటిచ్చింది. ప్రచారం నడపడానికి రాజధాని నుంచి తాక్ అనే మేనేజరును పంపింది. తాక్ ఎన్నికల్లో పండిపోయిన మనిషి. ఏ వీధిలో ఎన్ని ఓట్లో వేళ్ళ మీద చెప్పేవాడు. ఆఫీసు వంటగదిని మల్‌సున్ తనంతట తానే మీదేసుకుంది. పొద్దున బజారు, మధ్యాహ్నం నుంచి ఇక్కడ కార్యకర్తలందరికీ సముద్రపు నాచు పులుసు, అన్నం. ఆమె కింద పనిచేసే అరడజను మంది ఆడవాళ్ళంతా ఒకప్పటి ఫ్యాక్టరీ కూలీలే.

"ఉప్పు ఎక్కువైందేంటి మల్‌సున్ గారూ?" అని మాన్‌సిక్ అడిగితే, "మీ ఉపన్యాసంలో తక్కువైంది కదా, ఇక్కడ సరిచేశా" అనేది.

ఓట్ల రోజు దగ్గర పడుతుండగా ఒక తంటా మొదలైంది. మాన్‌సిక్ ఏ బజారుకు వెళ్ళినా, కాస్త ముందుగానే అవతలి పక్షం అభ్యర్థి అక్కడి జనంతో చేతులు కలిపి పోయి ఉండేవాడు. ఎవరో లోపలి కబురు బయటికి మోస్తున్నారని తాక్ తేల్చాడు. గోడ మీద కార్యక్రమాల పట్టిక అతికించి ఉండేది వంటగది పక్కనే.

ఆ సాయంత్రం మాన్‌సిక్ టీవీ చర్చకు బయల్దేరుతూ, భుజాన తన పేరున్న ప్రచారపు పట్టీతో వరండాలోకి వచ్చాడు. వంటవాళ్ళు గోడవార వరసగా నిలబడి ఉన్నారు.

"ఏం లేదక్కలూ, ఊరికే" అంటున్నాడు తాక్. "అందరం సొంత మనుషులమే కదా. సంచులు కాస్త తెరిచి చూపించి పోండి."

మల్‌సున్ సంచి తెరవలేదు. మాన్‌సిక్ వైపు చూసింది. ఆమె కళ్ళలో బతిమాలుకోవడం లేదు. ఈయన వచ్చాడు కదా, ఇక అయిపోయింది అన్న నెమ్మది ఉంది.

మాన్‌సిక్‌కి అన్నీ ఒక్కసారే బుర్రలో ముసురుకున్నాయి. బయట కారు మోగిస్తున్న హారను, అవతలివాడు అడగబోయే ప్రశ్నలు, తాక్ అలిగి రైలెక్కితే ఏమవుతుందన్న బెంగ. ఎన్నికలయ్యాక మాట్లాడదాంలే అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నా బాగుండేది. నోరు తెరిచాడు.

"తాక్ గారూ, త్వరగా కానివ్వండి. ఆలస్యమవుతోంది."

కారు గురించే అన్నాడు. కానీ వరసలో ఉన్నవాళ్ళకు ఎలా వినపడాలో అలాగే వినపడింది. మొదటి సంచి తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది. మల్‌సున్ వంతు వచ్చింది. రబ్బరు చేతి తొడుగులు, తువ్వాలు, కాగితంలో చుట్టిన ఎండు చేప.

"ఏంటక్కా, గూఢచారి పిల్లికి లంచమా?" అన్నాడు తాక్.

ఆడవాళ్ళు నవ్వారు. మల్‌సున్ కూడా నవ్వింది.

ఆ నవ్వు మాన్‌సిక్‌కి తెలుసు. పుస్తకం సంచిలో పెట్టుకుని చెప్పులు తొడుక్కున్న కుర్రాడి నవ్వది. అతను తలొంచుకుని కారెక్కాడు. ఆ రాత్రి చర్చలో మనిషి గౌరవం గురించి చాలా బాగా మాట్లాడాడని పేపర్లు రాశాయి.

మర్నాటి నుంచి మల్‌సున్ రాలేదు. చేపలు ఎక్కువొచ్చాయట, తీరిక లేదట. అతను తేలు కుట్టిన దొంగలా ఆ కబురు విని, సరే అన్నాడు.

గెలిచాడు. గెలుపు విందులో మైకుల బండి డ్రైవరు గ్లాసు పట్టుకుని, "రేపెక్కడ సభో అక్కడ ఈ పూటే బండి పెట్టేవాణ్ణండీ, లేకపోతే చోటు దొరకదు కదా. ఊరంతా చూసేది" అన్నాడు. గుట్టు బయటపడింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది తాక్. సంచుల మాట ఎవరూ ఎత్తలేదు. మాన్‌సిక్ కూడా ఎత్తలేదు.

అక్కడి ఆచారం ప్రకారం గెలిచినవాడు వీధి వీధికీ వెళ్ళి, మోకాళ్ళూని, నుదురు నేలకు తాకించి దండం పెట్టాలి కదా. చేపల బజారులో ఒక్కో దుకాణం ముందూ పెట్టుకుంటూ మల్‌సున్ దుకాణం చేరాడు. ఆమె అటు తిరిగి చేప పొట్ట చీలుస్తోంది. అతను తడి నేల మీద వంగి లేచాడు. ఆమె తిరగలేదు. చూసుండదనుకున్నాడు. మళ్ళీ మోకాళ్ళూని, మళ్ళీ నుదురు ఆనించాడు.

పక్క దుకాణం ముసలామె గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, అయ్యో! బతికున్న మనిషికి రెండు దండాలేంటయ్యా! రెండు చచ్చినవాళ్ళకు కదా పెట్టేది!"

అప్పుడు తిరిగింది మల్‌సున్. చేతిలో కత్తి అలాగే ఉంది.

"పెట్టనీ పెద్దమ్మా, లెక్క తప్పలేదు. ఆ వరండాలో నన్ను పాతేసింది ఈయనే. ఇప్పుడు తద్దినానికొచ్చాడు. ఏం ఎంపీ గారూ, ఉత్త చేతులతోనేనా? నా సమాధికి ఒక గిన్నెడు సారా అయినా తేలేదా?"

బజారు నవ్వింది. నవ్వి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. మాన్‌సిక్ మోకాళ్ళ మీదే ఉన్నాడు. చేపల నీళ్ళు ప్యాంటులోకి ఇంకుతున్నాయి.

"మల్‌సున్ గారూ, ఆ రోజు నేను…"

"త్వరగా కానివ్వమన్నారు. విన్నాను. నా చెవులు బానే ఉన్నాయి."

"తప్పయిపోయింది."

"నాకెందుకు చెప్తారు? నేనొకసారి లేచి నిలబడ్డదాన్ని, ఇంకోసారి లేస్తా. మీ వంటగదిలో ఉన్న పిల్లల్ని చూశారా? ఇప్పుడు ఎవరూ అడక్కుండానే తెరుస్తున్నారట. ఇంటికెళ్ళే ముందు సంచి నోరు తెరిచి, చూపించి మరీ పోతున్నారట. మీరు నేర్పిన చదువే వకీలు గారూ."

తడి ప్యాంటుతోనే ఆఫీసుకు నడిచాడు. కారు ఎక్కడానికి ముఖం చెల్లలేదు. వరండాలో వంటగది అమ్మాయి ఒకతె ఇంటికి బయల్దేరుతూ ఎదురైంది. అతన్ని చూడగానే సంచి రెండు చేతులా తెరిచి పట్టుకుంది. "చూడండి సార్, ఏం లేదు!" అంటూ నవ్వింది.

రోజూ ఇలాగే చేసి ఉంటుంది. తను రోజూ చూసి, తల ఊపి లోపలికి పోయి ఉంటాడు.

"మూసెయ్యమ్మా" అన్నాడు. తాక్ బయటికొచ్చి, "నేను చెప్పలేదండీ, వాళ్ళంతట వాళ్ళే…" అన్నాడు. అది నిజమే. పదిహేడేళ్ళ కుర్రాడు కూడా తనంతట తానే చెప్పులు విప్పేవాడు.

అందరినీ అదే వరండాలోకి పిలిచి, ఆ రోజు తాక్ చేసింది తప్పని, చూసి త్వరగా కానివ్వమన్నది తానని, తనది ఇంకా పెద్ద తప్పని చెప్పాడు. ఆడవాళ్ళు ఇబ్బందిగా నేల చూశారు. "పోనీలెండి సార్, దానికేముంది" అని ఒకామె నవ్వింది. మళ్ళీ అదే నవ్వు. క్షమించారో, అలవాటుపడ్డారో అతనికి తెలియలేదు. తాక్ ఆ సాయంత్రమే రైలెక్కాడు. మాన్‌సిక్ ఏరు దాటి తెప్ప తగలేశాడని పార్టీలో చెప్పుకున్నారు. ఈ కబురు బజారుకు చేరితే మల్‌సున్, "ఆలస్యమైంది. అయినా అయింది" అందట. తిరిగి వంటగదికి మాత్రం రాలేదు. ఇప్పటికీ అతను దుకాణం ముందు నుంచి పోతుంటే తల ఆడిస్తుంది. కత్తి ఆపదు.

మీరు రోజూ దాటే గేటు ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీది కావచ్చు, దుకాణానిది కావచ్చు, మీ అపార్టుమెంటుదే కావచ్చు. రేపు అక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎవరి సంచి తెరిపిస్తున్నారో, మీది ఎందుకు తెరిపించరో చూడండి. ఇది ఎవరు పెట్టిన పద్ధతని కాపలాదారును కాదు, అతనికి జీతమిచ్చేవాణ్ణి అడగండి. సంచి తెరిచిన మనిషి దాన్ని మూసుకునేదాకా పక్కనే నిలబడండి. మీకు ఎంత ఆలస్యమవుతున్నా సరే, త్వరగా కానివ్వమని మాత్రం అనకండి.