ఈ రోజు ఫోటోలో చెప్పులు

రోజూ ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టడం నా అలవాటని మీకు తెలుసు. ఈ రోజు ఆరాధన మొదలయ్యే ముందు, చర్చి గుమ్మం బయట అందరూ విడిచిన చెప్పులను తీశాను.

భోజనాల వడ్డన అయ్యాక బయట నల్లా దగ్గర గిన్నెలు తోముతున్నాను. నడుము పట్టేసింది. అంతలో మా చర్చి సుజాత వట్టి కాళ్లతో గెంతుకుంటూ వచ్చింది.

"అక్కా, నా చెప్పులు ఎవలో ఏసుకపోయిన్రు. బండలు కాలుతున్నయ్, జమ్మికుంట బస్సు పోతది. పొద్దున ఫోటో తీసినవ్ గదా, జర చూడు."

తడి చేతులు తుడుచుకుని ఫోటో పెద్దది చేశాను. రెండు నల్ల పట్టీల జతలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి తనది, ఒకటి నాది. సుజాత ఫోన్ చూసింది, నా కాళ్లు చూసింది.

"గివే గదక్కా, నువ్వేసుకున్నయి."

విడిచి ఇచ్చేశాను. మడమ అరిగిన నా చెప్పులు గుమ్మం దగ్గరే మిగిలి ఉన్నాయి.

ఏ వస్తువైనా దాని చోట దాన్ని పెట్టే మనిషిని, ఇంత అలసిపోయానా అనుకున్నాను. అయితే నా బాధ అది కాదు. గిన్నెలు తోముతున్నంతసేపూ, ఇవాళ మడమ నొప్పి లేదని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ స్తోత్రం ఇప్పుడు ఎవరి ఖాతాలో రాయాలో మీరే చెప్పండి.