కమలం చేతి దద్దోజనం

సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో ఒంటిగది అద్దె ఫ్లాట్‌లో ఉంటున్న కమలానికి డెబ్బై మూడేళ్లు. పుట్టింది మలేసియా కొబ్బరి తోటల్లో. భర్త వెంట ఇటు వచ్చి, ఒక బడి క్యాంటీన్‌లో ఇరవై ఆరేళ్లు పిల్లలకు వడ్డించింది. ఎవరు ఆకలితో ఉన్నారో ముఖం చూసి చెప్పేసేది. భర్త పోయాడు, మోకాళ్లు అరిగాయి. ఇప్పుడు నెలకొక శనివారం కాలేజీ పిల్లలు తెచ్చే సరుకుల సంచే ఆమెకు ఆధారం.

శనివారం వెంకన్నకు దీపం పెట్టి దద్దోజనం నివేదన చేయడం ఆమె ఏనాడూ మానలేదు. ఆ ప్రసాదం ఇంకొకరి చేతిలో పెట్టాకే తను ముట్టేది. సంచి తెచ్చే మేనక చెప్పులు విప్పి, నేల మీద చతికిలబడి తినేది. వెళ్లేముందు, ముసలమ్మ వంగనక్కర్లేకుండా బియ్యం బల్ల మీద పెట్టి, మూట ముడి విప్పి వెళ్లేది. అంత చిన్న పనికీ కమలం ఆ పిల్ల పేరు దేవుడికి చెప్పుకునేది.

ఈ నెల మేనకతో పాటు వాళ్ల బృందం నాయకుడు సురేన్ వచ్చాడు. గడప దాటలేదు. సంచి పట్టుకోండి, ఫోటో తీయాలన్నాడు. కమలం పట్టుకుంది. నవ్వమంటే నవ్వింది కూడా. ఆమె గిన్నె తెచ్చేసరికి మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. సాయం పుచ్చుకునేవాళ్ల ఇంట ఏమీ తినకూడదట, అది రూలట. మేనక ఇన్నాళ్లూ తిన్నదని తెలిసి, వచ్చే నెల నుంచి వేరే బ్లాకుకు మారుస్తానన్నాడు.

పెరుగన్నానికి కూడా రూలు రాసిన ఆ పెద్దమనుషులు ఎవరి ఇంటా నేల మీద కూర్చుని ఒక ముద్ద తిని ఉండరు.

"ఆంటీ, ఇది గిఫ్ట్ కిందికి వస్తుంది లా," అన్నాడు సురేన్ సింగపూర్ యాసలో.

"దేవుడికి పెట్టింది గిఫ్టా నాయనా? మీ బియ్యం నేను తినొచ్చు, నా చేతి మెతుకు మీకు పనికిరాదా?"

కమలం సంచిని ఈడ్చుకుంటూ వెళ్లి గడప బయట పెట్టేసింది. ఆ ఫోటో తీసెయ్యమంది. నెలంతా ఏం తింటారని సురేన్ కంగారుగా అడిగాడు. అది వెంకన్న చూసుకుంటాడంది.

మేనక చెప్పులు విప్పింది. లోపలికి వచ్చి, గిన్నె అందుకుని, ఎప్పటి చోటే కూర్చుంది.

"మార్చేస్తే మార్చు సురేన్. ఆంటీ, ఊరగాయ ఉందా?"

కమలం ఊరగాయ వేసింది. ఇంకో ముద్ద తీసుకుని గడప దగ్గరికి వచ్చి సురేన్ ముఖంలోకి చూసింది.

"పొద్దున్నుంచి నీకు మకాన్ లేదు, తిండే లేదు. నువ్వు ఇది తింటేనే ఆ సంచి లోపలికి వస్తుంది."

అతను మేనక వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. మెల్లగా ఎడమ చెయ్యి చాపాడు. కుడిచేతిలో ఫోన్ ఉంది.

"ఆ చెయ్యి కాదు," అంది కమలం, కోపం ఇంకా తగ్గకుండానే.

సురేన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.