వట్టి కాళ్ళ బేరం

ముఖం చూసి మనిషిని గుర్తుపట్టేవాళ్ళంటే ఆ రోజుల్లో నాకు జాలి. మేడ్చల్ డిపో దగ్గర మా నాయినకు చెప్పుల దుకాణం ఉండేది. పదేళ్ళ వయసు నుంచి ఏటవాలు స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ మడమను అరచేతిలోకి తీసుకుని, కొలత చెక్క ముట్టకుండానే నంబరు చెప్పేసేవాణ్ణి. (పెళ్ళిళ్ళలో బంధువుల పేర్లు గుర్తుండేవి కావు. తొమ్మిదో నంబరు పెద్దనాయిన, ఏడో నంబరు బావ, అంతే.) ఇంత విద్య ఉన్నా సొంత కాళ్ళ సంగతి మాత్రం తెలియదు. చెప్పులమ్మేవాడి కొడుకు వట్టి కాళ్ళతో కనబడితే గిరాకీ పోతుందని నాయిన భయం. ఇంట్లో కూడా స్లిప్పర్లు విడవనిచ్చేవాడు కాదు. ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి నా అరికాళ్ళు బారసాల కాని పిల్లవాడి బుగ్గల్లా ఉండేవి.

అలాంటి కాళ్ళతో కరాటేలో చేరాను. వీరత్వం కోసం కాదు. రోజూ సాయంత్రం ఆ స్టూలు నుంచి తప్పించుకోవడానికి ఇంతకంటే మర్యాదైన సాకు దొరకలేదు. నాయిన ఊరికే ఒప్పుకోలేదు. "మూడు నెల్ల తర్వాత పరీక్ష ఉంటదట గదా. నడుముకు గట్టే గా పసుపు పట్టీ తెస్తే పోతనే ఉండు. తేకుంటే సాయంత్రాలు దుకాణంల కూసో, మల్ల కరాటే పేరెత్తొద్దు" అన్నాడు. ఆర్నెల్లు అడిగి నాలుగు దగ్గర తేల్చుకుందామనుకున్నా, ఆయన కూడా దుకాణదారే కాబట్టి మూడు దగ్గరే బిగిశాడు.

క్లాసు షామీర్‌పేట వైపు ఒక చర్చి ఆవరణలో జరిగేది. మాస్టారు ఆదివారం అక్కడే పాటలు నేర్పేవారు, మిగతా రోజుల్లో తన్నులు నేర్పేవారు. గొంతు మాత్రం రెండింటికీ ఒకటే. మొదటి రోజు దుకాణంలోని మేలురకం బూట్లు వేసుకుని, కొత్తవి కిర్రుకిర్రుమంటుంటే గేటు దాటాను. ఆయన నా ముఖం వైపు చూడనేలేదు.

"బూట్లిప్పు."

కిందికి చూశాను. నేలంతా మొరం, మధ్యమధ్య పల్లేరు కాయలు. వెంటనే బేరంలోకి దిగాను. "సార్, రేపు దొంగ మీదికొస్తే, జర ఆగన్నా, లేసులు ఇప్పుకొని వస్త అంటమా?"

"దొంగ సంగతి తర్వాత. ముందు నేల సంగతి దెల్వాలె."

"పోనీ సాక్సులన్న ఉంచుకుంట సార్."

"ఉండొద్దు."

"కనీసం ఒక్క కాలికి?"

ఆయన రెండు కాళ్ళ వైపూ వేలు చూపించారు. ఒంటికాలి బేరం ఆయనకు అంతవరకు తగల్లేదట. (అవతలివాడు సగం దగ్గర ఒప్పుకోకపోతే పావు దగ్గర పట్టుకోవడం మా ఇంటి పద్ధతి. సాధారణంగా పనిచేస్తుంది.) ఆ రోజు పనిచేయలేదు. మూడు నెలలపాటు నిప్పుల గుండం తొక్కుతున్నట్టు ఎగిరాను. అందరూ గుద్దులు, తన్నులు నేర్చుకుంటుంటే నేను ముళ్ళు తీసుకుంటూ, మధ్యలో బూట్ల తరఫున వాదిస్తూ గడిపాను.

పరీక్ష రోజు రానే వచ్చింది. గోడ పొడవునా తల్లిదండ్రులు నిల్చున్నారు. నాకు జోడీగా షామీర్‌పేట నుంచి వచ్చే అమ్మాయిని నిలబెట్టారు. ఊళ్ళో పాల వ్యాపారం చేసే సాయబు గారి బిడ్డ, కాలేజీలో చదువుతుండేది. వేగం చూసి అందరం ఆమెను 'సివంగి' అనేవాళ్ళం. నేను చేయవలసిందల్లా ఆమె తన్నును మోచేత్తో పక్కకు తోయడమే. అది చేస్తే పట్టీ నాదే. మాస్టారు ఈల ఊదారు. ఆమె కాలు లేచింది. నా వైపు లేచి వస్తున్న పాదం కనబడగానే నా బుద్ధి గడ్డి తినడానికి వెళ్ళిపోయింది, చేతులు దుకాణానికి వెళ్ళిపోయాయి. మడమ పట్టుకున్నాను. మోకాలి మీద కూర్చున్నాను. ఆ పాదాన్ని నా తొడ మీద పెట్టుకుని, బొటనవేలితో ముందు వైపు నొక్కి చూసి, పైగా ఈ మాట కూడా అన్నాను: "ఐదో నంబర్. పాదం ఎడల్పు. మీ బూటు చిటికెనేలు కాడ కరుస్తది గదా?"

మాస్టారి నోట్లోంచి ఈల జారి మెడలో వేలాడింది. గోడ దగ్గర సాయబు గారు "అరె, ఏం జేస్తున్నవ్ బేటా!" అని అరిచారు. ఒంటికాలి మీద నిలబడ్డ సివంగి మాత్రం అందరికంటే నెమ్మదిగా అడిగింది: "భయ్యా, నా కాలు నాకు వాపస్ ఇస్తవా?"

ఇచ్చేశాను. మాస్టారు "ఫెయిల్" అన్నారు. అంత సిగ్గులోనూ నా నాలుక ఊరుకోలేదు. "సార్, పసుపు వద్దు. లేత పసుపైనా ఇయ్యుండ్రి."

ఇంటికొచ్చి జరిగింది చెబితే నాయిన తల పట్టుకున్నాడు. "పరాయి పిల్ల కాలు, అందరి ముంగట, వాళ్ళ నాయిన ఉండంగ! దుకాణం ఉంచుతరారా వాళ్ళు?" మరుసటి రోజు సాయంత్రం నేను మళ్ళీ స్టూలు మీద కూర్చుని ఉండగా గుమ్మంలో సాయబు గారు, వెనక సివంగి ప్రత్యక్షమయ్యారు. నాయిన దండం పెట్టడానికి చేతులెత్తాడు. నేను అరల వెనక్కి జరిగాను.

"సేఠ్, మీ పిలగాడు జెప్పింది సచ్ బాత్" అన్నారాయన. "బూటు కరుస్తాందని ఆర్నెల్లకెల్లి మొత్తుకుంటాంది. కొత్త బూట్ల కోసం బహానా అనుకున్న. ఇగ మంచి జత జూపియ్యుండ్రి."

ఆ క్షణంలో నా ఛాతీ దుకాణం షట్టరంత వెడల్పైంది. కొలత చెక్క ఎందుకు? నిచ్చెనెక్కి ఐదో నంబరు డబ్బా తెచ్చి, ఒక మోకాలి మీద కూర్చుని తొడిగాను. ఎక్కలేదు. మడమ వెనక బూటు తొడిగే రేకు పెట్టి జారించాను. అయినా ఎక్కలేదు. నాయిన వచ్చి చెక్క మీద కాలు పెట్టించాడు. ఆరు! ఒక నంబరు తేడా! మా నాయిన ముఖం చూస్తే ఆయనకు ఆవరణలో జరిగినదాని కంటే ఇదే పెద్ద దెబ్బ అని తెలుస్తోంది.

సివంగి పకపక నవ్వింది. "భయ్యా, తన్నేటప్పుడు కాలి ఏళ్ళు ఎనక్కి గుంజుకుంటం గదా, లేకుంటే ఇరుగుతయి. పాదం పొట్టిగ అగుపడతది. మొదటి దినమే జెప్పిండ్రు మాస్టర్. నువ్వు సాక్సుల బేరంల ఉంటివి."

వాళ్ళు ఆరో నంబరు జత తీసుకుని వెళ్ళిపోయారు. తర్వాత నాయిన నా స్టూలు తీసి గోడకు చేర్చాడు. "మూడు నెల్లు వట్టి కాళ్ళ నడుమ తిరిగినవ్, ఒక్క కాలన్న సక్కగ జూసినవారా? కాలు దెల్వనోడు నా దుకాణంల ఎందుకు? రేపటి నుంచి పో. మంచిగ నేర్చుకొని రా." ఇరవయ్యేళ్ళలో నేనడగకుండా ఆయన ఇచ్చిన రాయితీ అదొక్కటే.

తర్వాతి పరీక్షలో పట్టీ వచ్చింది. ఆ పై పట్టీలకు నా అరికాళ్ళు ఒప్పుకోలేదు. ఇప్పుడు దుకాణం నాది. జూన్‌లో తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి, "కరాటేల జేర్పిచ్చినం, గట్టి బూట్లియ్యన్నా" అంటారు. "అక్కర్లేదమ్మా, గా కాళ్ళు చాలు" అని పంపించేస్తాను. నా నోట ఆ మాట విన్న ప్రతిసారీ నాకే ఉలిక్కిపాటు. ఆ ఇరవయ్యేళ్ళ కుర్రవాడు గనక ఇక్కడుంటే వాళ్ళకు రెండేసి జతలు అంటగట్టి, సాక్సులు కూడా కలిపేవాడు. గుమ్మం దాకా వెళ్ళి, పోతున్న ఆ గిరాకీని కాసేపు చూస్తూ నిలబడతాను.